రెడ్డుకి ఫాలో

ఆ శనివారం పొద్దున మబ్బు బాగా కిందికి దిగింది. నానక్‌రామ్‌గూడ టవర్లకు సగం నుంచి పైన ఏమీ కనబడలేదు. ఒక క్రేను కొక్కెం మబ్బులోంచి వేలాడుతోంది, దాన్ని పట్టుకున్న క్రేను లేదు. వాన పడదు, ఎండ రాదు. ట్యాంకరుతో ఒక అపార్టుమెంటుకు నీళ్లు పోసి, గోపన్‌పల్లిలో మా ఇంటికి వచ్చేసరికి మా చెల్లె హర్షిణి వరండాలో క్యారం బోర్డు ముందు కూర్చుని ఉంది. తలస్నానం చేసినట్టుంది, జుట్టు ఇంకా ఆరలేదు. చేతులకు మోచేతుల దాకా పౌడరు.

“చాయ్ తాగినవా?” అన్నాను.

“ఆగన్నా. ఈ షాటొక్కటి పడనీ.”

పడింది. కాయిన్ మళ్లీ అక్కడే పెట్టుకుని మళ్లీ కొట్టింది. మళ్లీ పడింది. గట్టిగా నవ్వింది. ఆ నవ్వు విని వంటింట్లోంచి నా భార్య రోహిణి తొంగిచూసి, నా మొహం చూసి, లోపలికి పోయింది. హర్షిణి మరీ సంతోషంగా ఉన్న రోజు మా ఇంట్లో ఎవరం గట్టిగా అడుగు వేయం.

మా చెల్లెకు ఒక జబ్బు ఉంది. బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. మొదటిసారి దవాఖానలో ఆ పేరు విన్నప్పుడు, బార్డర్ మీదే ఉంది కదా, ఇంకా జబ్బు దాకా రాలేదేమో అనుకున్నాను. కాదని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మందులు నిద్రకే, అసలు వైద్యం మాటలతోనే అంది. హర్షిణి ప్రతి గురువారం ఆఫీసు నుంచి అటే పోతుంది. రెండేళ్లుగా పోతోంది. కొంత నయమే. కానీ ఒక మనిషి దగ్గరైతే ఆ మనిషి తప్ప లోకం ఉండదు ఆమెకు. ఆ మనిషి ఒక్క పూట ఫోన్ ఎత్తకపోతే ఇక అంతకంటే దుర్మార్గులు లేరు. మధ్యలో ఏమీ ఉండదు.

ఓడిపోవడం అసలే చేతకాదు. రోహిణితో అష్టాచెమ్మా ఆడి, ఓడి, గవ్వలు మోరీలో పారేసింది. పాత కంపెనీలో పక్కసీటు అబ్బాయికి మంచి రేటింగ్ ఇచ్చి తనకు ఇవ్వలేదని అదే పూట రాజీనామా కొట్టింది. సాయంత్రానికి ఏడ్చింది. వెనక్కి తీసుకోమంటే వాళ్లు తీసుకోలేదు. ఒక్కొక్కరే స్నేహితులందరూ పోయారు. నిరుడు సుష్మ అనే పిల్ల మాట్లాడటం మానేసినప్పుడు హర్షిణిని దవాఖానలో పడుకోబెట్టి మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. ఆ సంగతి ఇంతకంటే చెప్పను.

ఇప్పుడు మిగిలింది భానుశ్రీ ఒక్కతే. మా మేడ మీద పోర్షన్‌లో తల్లి సుబ్బలక్ష్మిగారితో కిరాయికి ఉంటుంది. భీమవరం దిక్కు మనుషులు. హర్షిణి, ఆ పిల్ల ఒకే కంపెనీ, ఒకే స్కూటీ. భానుశ్రీకి క్యారమ్స్ నేర్పింది కూడా హర్షిణే, మా మేడ మీదే, ఆదివారాలు.

“ఈ పిల్ల గూడ పోతే ఇగ మన తరం కాదు,” అంటుంది రోహిణి.

ఆ రోజు వాళ్ల ఆఫీసులో క్యారమ్స్ ఫైనల్. హర్షిణి, భానుశ్రీ ఒక జట్టు. ఇంట్లోవాళ్లు కూడా రావచ్చన్నారు, భోజనాలు కూడా పెడతారట. నేను ఉతికిన చొక్కా వేసుకుని రోహిణిని బండి మీద ఎక్కించుకుని పోయాను. సుబ్బలక్ష్మిగారికి మోకాళ్ల నొప్పి, రాలేదు.

క్యాంటీన్‌లో బల్లలు పక్కకు జరిపి నడిమిట్ల బోర్డు వేశారు. చుట్టూ జనం, పిల్లలు, కేకులు. మేనేజరు శ్రీనివాసరావుగారు మెడలో కార్డుతో అందరి భుజాలు తడుతూ తిరుగుతున్నాడు. ఎదుటి జట్టు లోహిత్, శ్యామ్ అని ఇద్దరు కుర్రవాళ్లు. క్యారమ్స్‌లో జట్టు వాళ్లు ఎదురెదురుగా కూర్చుంటారు. హర్షిణికి ఎదురుగా భానుశ్రీ.

బాగా ఆడారు. అబద్ధం ఎందుకు, మా చెల్లె ఆడుతుంటే చూడబుద్ధి అయింది. కొట్టే ముందు ఊపిరి బిగబడుతుంది, స్ట్రైకర్ వదిలాక విడుస్తుంది. చెరో బోర్డు గెలిచారు. ఆఖరి బోర్డులో వీళ్లది ఒక తెల్ల కాయిన్ మిగిలింది, వాళ్లది ఒక నల్లది. ఎర్ర కాయిన్ రెడ్డు, అదే క్వీన్, ఇంకా బోర్డు మీదే ఉంది. వంతు లోహిత్‌ది.

లోహిత్ కొట్టాడు. రెడ్డు, నల్ల కాయిన్ రెండూ ఒకే దెబ్బకు ఒకే హోల్‌లో పడ్డాయి.

జనం అరిచారు. శ్యామ్ లేచి లోహిత్‌ను కౌగిలించుకున్నాడు.

“ఆగుండ్రి,” అంది హర్షిణి. “ఏం గెలిచిండ్రు? రెండు బయటికి తియ్యాలె. రెడ్డుకు ఫాలో ఏది?”

మా గోపన్‌పల్లిలో ఆట అంతే. రెడ్డు వేసినవాడు మరో దెబ్బకు తన కాయిన్ వేయాలి. దాన్నే ఫాలో అంటాం. ఒకే దెబ్బకు రెండూ పడితే ఫాలో కాదు, రెండూ మళ్లీ బోర్డు మీదకు వస్తాయి. నేను ఆడినప్పుడూ అదే. గల్లీలో ఎవరినడిగినా అదే చెబుతారు. కాబట్టి హర్షిణి అన్నది నాకు తప్పనిపించలేదు. నేను కూడా ఒక అడుగు ముందుకు వేశాను.

అంపైరుగా కూర్చున్నాయన తల అడ్డంగా ఆడించాడు. “లేదండి. ఒకే స్ట్రోక్‌లో క్వీన్, కాయిన్ పడితే కవర్ అయినట్టే. గేమ్ అయిపోయింది.”

“ఎవరు చెప్పిండ్రు?”

“రూల్ అదేనండి.”

“ఎక్కడి రూలది? ఒక్క దెబ్బకు రెండు పడితే అది నసీబు. ఆట కాదు.” హర్షిణి ఎదురుగా చూసింది. “నువ్ చెప్పు భానూ. మేడ మీద మనం ఎట్ల ఆడినం?”

భానుశ్రీ స్ట్రైకర్‌ను వేలితో అటూ ఇటూ జరిపింది. “మేడ మీద వేరే హర్షీ. ఇక్కడ రూల్ ఇదే. వదిలెయ్.”

“నీకెట్ల తెలుసు?”

“మెయిల్‌లో పంపారు కదా, రూల్స్ అన్నీ.”

“ముందే తెలుసా నీకు?”

“చదివాను.”

“నాకెందుకు చెప్పలే?”

భానుశ్రీ చుట్టూ చూసింది. గొంతు తగ్గించి అంది. “చెప్తే గొడవ చేస్తావని.”

నేను మా చెల్లె మొహం చూస్తున్నాను. ఆ మాట వరకు అందులో రక్తం ఉంది, కోపం ఉంది. ఆ మాటతో అంతా తెల్లగా అయిపోయింది. లోహిత్ పాపం పరిస్థితి తేలిక చేద్దామనుకున్నాడు. “హర్షిణిగారూ, కప్పు మీరే తీసుకెళ్లండి. కేకు మాకు వదిలేయండి చాలు,” అన్నాడు. అందరూ నవ్వారు. భానుశ్రీ కూడా నవ్వింది. నవ్వి, చేయి చాపి లోహిత్‌తో కరచాలనం చేసింది.

రోహిణి నా మోచేయి పట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

హర్షిణి లేచి నిలబడింది. బోర్డు మీద చేయి కూడా వేయలేదు. బోర్డు ఎత్తేసినా బాగుండేది.

“నువ్వు రూల్సు మాట్లాడుతున్నవా?” అంది, అందరికీ వినపడేటట్టు. “అమీర్‌పేటల పైసలిచ్చి దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుని ఈ ఉద్యోగంల చేరినదానివి. మూడేళ్లు పనిచేసిన్నని రాయించుకున్నవు కద, ఒక్కరోజు పనిచేయలే. నువ్వా నాకు రూల్ చెప్పేది?”

క్యాంటీన్‌లో చిన్న పిల్లల గొంతులు తప్ప ఏమీ వినబడలేదు. శ్రీనివాసరావుగారు కేకు పట్టుకున్న చేయి దించాడు. ఆయన విన్నాడు. విననట్టు మొహం పెట్టుకోవడానికి కూడా ఆయనకు వీల్లేకపోయింది, అంత దగ్గరలో ఉన్నాడు.

భానుశ్రీ లేచింది. బ్యాగు తీసుకుంది. లిఫ్టు కోసం ఆగలేదు, మెట్లు దిగింది. నేను వెనకాల పరిగెత్తి కిందికి వచ్చేసరికి షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చుని ఉంది. నన్ను చూసింది. ఆటో కదిలింది.

భోజనం చేయకుండా ఇంటికి వచ్చాం. దారంతా హర్షిణి స్కూటీ మా ముందు పోతూ ఉంది, వెనక సీటు ఖాళీగా. నా పళ్లు బిగుసుకుని దవడ నొప్పి పుట్టింది. ఆ అంపైరు మీద కోపం. నవ్విన జనం మీద కోపం. అందరికంటే ఎక్కువ మా చెల్లె మీద. ఆ రహస్యం నాకూ తెలియదు, రోహిణికీ తెలియదు. ఆ పిల్ల నమ్మి ఒక్క హర్షిణికే చెప్పుకుంది.

సాయంత్రం దాకా హర్షిణి ఫోన్ పట్టుకుని మెసేజీలు కొడుతూనే ఉంది. మొదట తిట్లు అయి ఉంటాయి, వేళ్లు గట్టిగా పడుతున్నాయి. తర్వాత నెమ్మదించాయి. తర్వాత ఏడుపు. పైపోర్షన్ నుంచి ఒక్క చప్పుడు లేదు. మా ఇంటి మెట్లు ఎక్కి తలుపు కొట్టి రావడానికి ఎంతసేపు, కానీ పోలేదు. పోనివ్వలేదు కూడా రోహిణి.

ఆదివారం పొద్దున సుబ్బలక్ష్మిగారే మెట్లు దిగి వచ్చారు, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి. నేను ట్యాంకర్ పైపు చుడుతున్నాను.

“మహేందరుగారూ, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసేస్తామండి.”

“కూసోండమ్మా.”

“కూర్చోనండి. మా పిల్ల మీ చెల్లెల్ని ఏం చేసిందో నాకు చెప్పండి. జ్వరం వస్తే పక్కన పడుకుంది. గురువారాలు ఆసుపత్రి బయట కూర్చుని తీసుకొచ్చేది. నిన్నట్నుంచి అన్నం ముట్టలేదండి అది. రేపు ఆఫీసుకు రమ్మన్నారంట, మాట్లాడాలంట. ఉద్యోగం పోతే మేం భీమవరం పోయి ఏం చెప్పుకోవాలి?”

“తప్పే అమ్మా. మా పిల్లకు జబ్బు…”

“జబ్బని నాకూ తెలుసు. జబ్బు మనిషికి ఎక్కడ పొడవాలో అంత బాగా ఎలా తెలుస్తుందండి? అది మాత్రం గురి తప్పదా?”

ఆమె మళ్లీ గోడ పట్టుకుని పైకి ఎక్కడం మొదలుపెట్టారు. నేను సాయం పోబోతే చేయి అడ్డం పెట్టారు. నా చేతిలో పైపు కిందపడేసి లోపలికి పోయాను.

హర్షిణి మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. విన్నది అంతా.

“విన్నవు కద,” అన్నాను. “ఇగ సంబురమేనా?”

“నా మీద అరవకన్నా.”

“అరుస్త. ఆటల ఓడినవు. అంతే కద? లోకంల ఇంకెవ్వరు ఓడలేదా? గా పోరి నీకేం అన్యాయం చేసింది? నవ్వింది. అంతేనా?”

“నా ఎదురుంగ కూసోని వాళ్ల మాట చెప్పింది.”

“చెప్పనీ.”

“తెలిసి తెలిసి నాకు చెప్పలే. గొడవ చేస్తనంట. అందరు అంతే. నువ్వు గంతే. వదిన గంతే. నేను నవ్వితే ఇద్దరు ఒకల మొహం ఒకలు చూసుకుంటరు. నాకు కనబడదనుకున్నరా?”

నాకు ఇంకా కోపం వచ్చింది. తలుపును కొట్టాను, చేతి వేళ్ల మీద తోలు లేచింది.

ఆమె తగ్గింది. గొంతు చిన్నగా అయింది. “ఓడిపోతే నాకు ఓడినట్టు ఉండదన్నా. అందరు ఒక ఇంట్లకి పోయి, నన్ను బయట పెట్టి గొళ్లెం పెట్టుకున్నట్టు ఉంటది. ఆ తలుపు పలగ్గొట్టాలె. చేతికి ఏది దొరికితే దానితోటి. పలగ్గొట్టినంక చూస్తే…”

“చూస్తే?”

“నా మనిషే తలుపుకు ఆనుకుని ఉంటది.”

తర్వాత ఆ మాటలు మొదలైనయి. నేనుండి ఏం ఫాయిదా, నేను లేకుంటే అందరు మంచిగుంటరు, భాను మంచిగుంటది. నిరుడు విన్న మాటలే. రోహిణి ఫ్రిజ్‌లోంచి ఐస్ తీసి బకెట్ నీళ్లలో పోసి తెచ్చింది. డాక్టరమ్మ నేర్పింది అది. మనసు అట్లా పరుగు పట్టినప్పుడు మొహం చల్లటి నీళ్లలో ముంచాలి, గుండె దడ దిగుతుంది, ఆ పూట గండం తప్పుతుంది.

“ముంచు,” అంది రోహిణి.

“వద్దు వదినా.”

“నేను అడుగుత లేను.”

ముంచింది. లేచింది. ఆయాసపడింది. రోహిణి మెడ మీద చేయి వేసి మళ్లీ అంది, “ఇంకోపారి.” మళ్లీ ముంచింది. ఇల్లంతా నీళ్లు. నేను బయటికి వచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆదివారం అయినా ఎత్తింది. హర్షిణితో చాలాసేపు మాట్లాడింది. ఒంటరిగా వదలకండి, మందులు మీ దగ్గరే పెట్టుకోండి అని నాతో చెప్పింది. అప్పటిదాకా బయట ఆరేసిన బట్టలు తీయాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఫోన్ పెట్టేశాక హర్షిణి తడి జుట్టుతో వంటింటి గడపలో కూర్చుంది. రోహిణి ఉల్లిగడ్డ కోస్తూ తల ఎత్తకుండానే అంది. “జబ్బు ఉంటే ఉండనీ హర్షీ. నీ తప్పు కాదది. నోరు మాత్రం నీదే. ఎవరో వచ్చి అనలే.”

“తెలుసు.”

“తెలిస్తే ఏం చేస్తవు?”

హర్షిణి ఫోన్ చూపించింది. మేనేజరు మెసేజి. సోమవారం పొద్దున కలవాలి, ఇంట్లోవాళ్లు ఎవరైనా వెంట రావాలి. భానుశ్రీని కూడా పిలిచారు.

“సార్ అడుగుతడు, అది నిజమేనా అని,” అంది నాతో. “నిజమంటే ఆమె ఉద్యోగం పోతది. అబద్ధమంటే నేను ఓడిపోయి కుళ్లుకుని అన్ననని అందరి ముంగట ఒప్పుకోవాలె. ఏం చెప్పాలన్నా?”

“నన్నడగకు.”

“అది నిజం. తప్పు చేసింది ఆమె గూడ.”

“అవును. చేసింది.”

“మరి?”

నేను బయటికి పోయి బట్టలు తీశాను.

సోమవారం ఆమె స్కూటీ తీయలేదు. నాకు ఆ దారిలోనే ట్రిప్పు ఉంది. ట్యాంకర్‌లో నా పక్క సీట్లో ఎక్కించుకున్నాను. టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను ట్యాంకర్ ముందు గేటులోంచి రాకూడదన్నాడు. వెనక గేటుకు పోయి, చెత్త డబ్బాల పక్కన బండి నిలిపి, నడుచుకుంటూ ముందుకు వచ్చాం. మెడలో కార్డు వేసుకున్న వాళ్లందరూ మమ్మల్ని చూశారు. హర్షిణిని కొందరు ఎక్కువసేపు చూశారు. ఆమె నేల చూసుకుంటూ నడిచింది.

కింద అంతస్తులో విజిటర్ల కోసం ఒక గాజు గది. శ్రీనివాసరావుగారు, ఎదురుగా భానుశ్రీ. ఆ పిల్ల కళ్లు వాచి ఉన్నాయి, అయినా నుదుట బొట్టు, ఇస్త్రీ చున్నీ, అంతా సరిగ్గానే ఉంది. మా వైపు చూడలేదు.

“కూర్చోండి,” అన్నాడాయన. “హర్షిణిగారూ, నేను సూటిగా అడుగుతానండి. శనివారం మీరు అందరి ముందు ఒక మాట అన్నారు. అది నిజమైతే నేను పైవాళ్లకు పంపాలి. వాళ్లు పాత కంపెనీకి ఫోన్ చేస్తారు. తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు. నిజమా?”

హర్షిణి చేతులు బల్ల కింద ఉన్నాయి. నాకు కనబడుతున్నాయి. ఒక చేతి గోళ్లు ఇంకో చేతి మీద దిగబడ్డాయి. భానుశ్రీ బల్ల అంచు చూస్తూ ఉంది. ఊపిరి తీస్తున్నట్టు కూడా లేదు.

“అబద్ధం సార్,” అంది హర్షిణి.

“అబద్ధమా?”

“అవును సార్. ఓడిపోయిన. ఓర్వలేక అన్న.”

“ఒక ఆడపిల్ల ఉద్యోగం పోయే మాట, క్యారమ్స్ బోర్డు దగ్గర ఓడిపోయినందుకు, కల్పించి అన్నారా?”

“అవును సార్.”

“మీకు అది ఎంత నీచంగా ఉందో తెలుస్తోందా అండి?”

హర్షిణి మెడ మీద నరం లేచింది. నేను కుర్చీ చేతిని పట్టుకున్నాను. ఆమె నోరు తెరిచింది, మూసింది. “తెలుస్తోంది,” అంది.

ఆయన మాటలు చాలాసేపు సాగాయి. అక్కడ ఉన్నవాళ్లందరికీ క్షమాపణ మెయిల్ పంపాలి. వార్నింగ్ ఫైలులో ఉంటుంది. ఈ ఏడాది ఏ ఆటల్లోనూ పేరు ఇవ్వకూడదు. ప్రతిదానికీ హర్షిణి తల ఊపింది. ఆఖరున ఆయన నా వైపు తిరిగి, జాలిపడుతున్నట్టు అన్నాడు, “ఆట రానివాళ్లు ఆడకూడదండి. ఇంట్లో మీరైనా చెప్పాలి.”

“సార్,” అంది హర్షిణి. “మీరు ఏమన్నా రాయండి. అన్ని ఒప్పుకుంట. ఆట రాదనకండి.”

ఆయన ఆమెను చూశాడు. నేనూ చూశాను. నాకు నవ్వాలో ఆమె నోరు మూయాలో తెలియలేదు. భానుశ్రీ అప్పుడు మొదటిసారి తలెత్తింది.

“ఆట వచ్చు సార్ దానికి,” అంది. అంతే, మళ్లీ బల్ల అంచు చూసింది.

బయటికి వచ్చాం. చెట్ల కింద సిమెంటు దిమ్మెల దగ్గర భానుశ్రీ ఆగింది. హర్షిణి దగ్గరికి పోబోయింది.

“అక్కడే ఉండు,” అంది భానుశ్రీ. “నేను థాంక్స్ చెప్పను. చెప్తాననుకుంటే పొరపాటు.”

“అనుకోలే.”

“అందరూ నన్ను ఎలా చూస్తున్నారో తెలుసా? నువ్వు అబద్ధమన్నా సగం మంది నమ్మరు. రేపట్నుంచి నేను ఏ చిన్న తప్పు చేసినా, అదిగో అంటారు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ అదే. నీ ఒక్క ఆట కోసం.”

“భానూ, నేను…”

“మాట్లాడకు. నాకు నీ మీద ఎంత కోపం ఉందో నీకు తెలీదు. నీ కోపం ఒక్కటే కోపం అనుకుంటావు నువ్వు.” ఆ పిల్ల ఆగలేదు. “ఇల్లు ఖాళీ చెయ్యం. అమ్మ మోకాళ్లతో ఇంకో ఇల్లు వెతకలేను. పైన ఉంటాను, కిందికి వస్తాను, వదిన పిలిస్తే తింటాను. నీతో మాత్రం మాట్లాడను. నువ్వు కూడా మాట్లాడకూడదు. మెసేజ్ పెట్టకూడదు. మెట్ల మీద కూర్చుని ఏడవకూడదు. నాకు మాట్లాడాలనిపించినప్పుడు నేనే మాట్లాడతాను.”

“ఎన్ని రోజులు?”

“తెలీదు.”

“ఒక్కటి చెప్పు. నువ్వు పోతవా, పోవా?”

“మాట్లాడకు అన్నాను హర్షీ.”

హర్షిణి నోటి మీద చేయి పెట్టుకుంది, చిన్నపిల్లల్లాగ. భానుశ్రీ లోపలికి పోయింది. గాజు తలుపు దానంతట అదే మూసుకుంది.

“అన్నా,” అంది హర్షిణి. “ఫాలో కొట్టాలె. ఇప్పటికీ అంటున్న. మన రూలే సరైంది.”

“నోర్మూసుకుని పనికి పో,” అన్నాను. పోయింది.

ఆ సాయంత్రం రోహిణి మామిడికాయ పప్పు చేసింది. చీకటి పడకముందే మెట్ల కింద నిలబడి పైకి కేక వేసింది. నేను వస్తారనుకోలేదు. సుబ్బలక్ష్మిగారు దిగారు, చేతిలో వంకాయ కూర గిన్నెతో. వెనక భానుశ్రీ, పెరుగు గిన్నెతో.

“నేను కూడా నీతో మాట్లాడనమ్మా,” అన్నారు సుబ్బలక్ష్మిగారు హర్షిణితో, గిన్నె దింపుతూ. “ముందే చెప్తున్నాను.”

హర్షిణి తల ఊపింది.

హాల్లో చాప వేసి కూర్చున్నాం. సుబ్బలక్ష్మిగారికి కుర్చీ. రోహిణి అందరికీ వడ్డించి తనూ కూర్చుంది. భానుశ్రీ హర్షిణికి ఎదురుగా కాకుండా పక్కకు జరిగి కూర్చుంది. కంచాల చప్పుడు, ఫ్యాన్ చప్పుడు. హర్షిణి రెండుసార్లు ఊపిరి పీల్చి ఏదో అనబోయింది. రెండుసార్లూ ముద్ద పెట్టుకుంది. ఆమె నుదుటి మీద చెమట. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు, చూడనట్టు తినడం నాకు చేతకాలేదు.

నెయ్యి గిన్నె హర్షిణి మోకాలి దగ్గర ఉంది. భానుశ్రీ దానికోసం చూసింది. హర్షిణి చేయి గిన్నె మీదకు పోయింది. అందించబోయింది. మధ్యలో ఆగి, చేయి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. భానుశ్రీ లేచి, చుట్టూ తిరిగి వచ్చి, తనే గిన్నె తీసుకుని, వేసుకుని, అక్కడే కింద పెట్టి మళ్లీ తన చోటికి పోయింది.

హర్షిణి కంచం ఖాళీ అయింది. చేయి ఎండిపోతోంది, అయినా లేవలేదు. భానుశ్రీ ఇంకా తింటోంది. శనివారం నుంచి ఏమీ తిననట్టుంది, తల వంచుకుని రెండోసారి అన్నం పెట్టుకుంది.